పొగగొట్టం ముచ్చట్లు

ఏమండీ, నిజం చెప్పండి. మీ కారు సైలెన్సర్ గొట్టంలో ఎప్పుడైనా వేలు పెట్టి చూశారా? ఛీ అనకండి. అద్దాలు తుడుస్తారు, సీట్లకు కవర్లు తొడుగుతారు, ముందు నిమ్మకాయా మిరపకాయలూ కడతారు. వెనక గొట్టాన్ని మాత్రం పలకరించిన పాపాన పోరు. బండి తన గుట్టంతా కక్కేది అక్కడే కదా! పొడిగా, బూడిద రంగులో కాస్త మసి అంటిందా, ఇంజిను హాయిగా ఉన్నట్టు. నల్లగా మెత్తగా అంటిందా, పెట్రోలు దండగ అవుతున్నట్టు. జిడ్డుగా అంటిందా, రింగులు అరిగి ఇంజినాయిలు కూడా తాగేస్తున్నట్టు. బండి చల్లబడ్డాకే వేలు పెట్టాలి సుమా. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

నాకీ పిచ్చి ఎప్పుడు పట్టిందని అడక్కండి. కొందరికి చీట్లపేక, కొందరికి సీరియళ్లు, నాకు ఇంజిన్లు. బానెట్ ఎత్తి నలుగురు నిలబడి కనిపిస్తే చాలు, నా కాళ్లు అటే పోతాయి. ఆ నలుగురిలో విషయం తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు. మిగతావాళ్లం సలహాలిస్తాం. "ప్యాకింగ్ పోయుంటది" అని ఒకరు, "కాదు, డిస్ట్రిబ్యూటర్" అని ఇంకొకరు. పైసా ఖర్చు లేని కాలక్షేపం. పైగా చివర్లో బండి స్టార్ట్ అయితే క్రెడిట్ అందరిదీ. కాకపోతే మేస్త్రీది.

మేళ్లచెరువులో కూర్చుని పొగ గురించి మాట్లాడుతున్నావా అని మీరు నవ్వుతారని తెలుసు. సున్నపురాయి నేల మాది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి రాత్రీ పగలూ వచ్చిపోయే లారీలు. పొద్దున తుడిచిన బానెట్ మీద సాయంత్రానికి వేలితో మీ పేరు రాసుకోవచ్చు. ఇక్కడ బండి తెల్లదైనా నల్లదైనా వేసవిలో ఒకే రంగు. అంత దుమ్ములో ఒక మారుతి వదిలే పొగ ఎంత, దాని లెక్కెంత అంటారు. అంటే అన్నారు గానీ, ఆ దుమ్ము ఇంజినుకు ఏం చేస్తుందో కూడా చెప్తాను. కాస్త ఆగండి.

ముందు జాతర మాట. శివరాత్రికి మా శంభులింగేశ్వర స్వామి జాతర చూశారా? చూడకపోతే మీ లోటే. ప్రభలు, లైట్లు, జనం, వాటన్నిటి మధ్య ఎడ్ల పందేలు. బండరాయి కట్టిన గిత్తల జత బరిలోకి దిగితే ఊరు ఊరంతా గొంతు చించుకుంటుంది. అందరూ గిత్తల్ని చూస్తుంటే మా షెడ్డు కుర్రాళ్లు మాత్రం హార్స్‌పవర్ లెక్కలు వేస్తుంటారు. జేమ్స్ వాట్ మహాశయుడు గుర్రాన్ని కొలిచి ఒక హార్స్‌పవర్ అన్నాడు, దాన్నిప్పుడు 746 వాట్లు అంటున్నాం. ఆయన మేళ్లచెరువు వచ్చి ఉంటే ఇవాళ మనమంతా కార్లకు ఎడ్ల లెక్క చెప్పుకునేవాళ్లం. "అన్నా, నీ బండి ఎన్ని జతలది?" వినడానికి ఎంత బాగుందో చూడండి.

సరే, దారికొస్తాను. ఇవాళ్టి ముచ్చట ఏంటంటే, పొగ తక్కువ వదిలేలా చేసిన ఇంజినును, పొగ సంగతి అడిగేవాడు లేని చోట ఏం చేసుకోవచ్చు అని.

అడిగేవాడు లేకపోవడమేంటి, పొల్యూషన్ సర్టిఫికెట్ లేదా అని మీరు వేలెత్తుతున్నారు. ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 115వది ఆ సంగతే చెప్తుంది. ఊరేదైనా సర్టిఫికెట్ ఉండాల్సిందే. కొత్త బండికి మాత్రం మొదటి ఏడాది మినహాయింపు. కానీ ఆ టెస్టు ఏం చూస్తుందో ఎప్పుడైనా గమనించారా? పెట్రోలు కారైతే నిలబెట్టి, గొట్టంలో ఒక పుల్ల దూర్చి, కార్బన్ మోనాక్సైడు, కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు చూస్తారు. బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 పొగ నిబంధన) కారుకు మొదటిది 0.3 శాతం దాటకూడదు. రెండోది పది లక్షల పాళ్లలో 200 దాటకూడదు. డీజిల్ బండి అయితే నిలబెట్టే గట్టిగా రేజ్ చేయించి పొగ చిక్కదనం చూస్తారు. మరి నైట్రోజన్ ఆక్సైడ్లు? వాటి ఊసే లేదు. మే నెల ఎండలో గాలిని ఘాటెక్కించే వాటిలో అవే ముఖ్యమైనవి. అడగాల్సిన ప్రశ్న పేపర్లోనే లేదన్నమాట. పరీక్ష అంటే పాసైపోవడమే అనుకునే మనకు ఇది కొత్తేం కాదు లెండి.

సర్టిఫికెట్ చేతిలోకి వచ్చాక ఆరు నెలలో ఏడాదో మళ్లీ ఆ గొట్టం మొహం చూసేవాడు ఉండడు. అంటే ఏడాదిలో మిగతా రోజులన్నీ మీ ఇంజినును పరీక్షించే అధికారం ఎవరిది? మీదే! ఇంత మంచి అవకాశాన్ని జనం ఎలా పాడుచేసుకుంటున్నారో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు మజా 2010లో జరిగింది. మారుతి 800 మీకు తెలుసు కదా, తెలియకపోవడమేంటి, మీ మేనమామ పెళ్లి ఊరేగింపులో పూలు చుట్టుకుని ముందు నడిచింది అదే. 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో బీఎస్ 4 నిబంధన వచ్చింది. కంపెనీ ఈ ముసలి ఇంజినును ఆ లెక్కకు తేవడం మాకొద్దని చేతులెత్తేసింది. ఆ 13లో హైదరాబాద్ ఒకటి. అప్పటి మా జిల్లా నల్లగొండ లేదు. దాంతో ఏమైంది? హైదరాబాదులో షోరూముకు వెళ్లి మారుతి 800 కావాలంటే లేదన్నారు. మా జిల్లాలో మాత్రం సుబ్బరంగా అమ్మారు. ఏపీ 24 నంబరు ప్లేటు వాళ్లం అదృష్టవంతులమో, వెనకబడినవాళ్లమో మీరే తేల్చండి. మా పొగ చౌటుప్పల్ దగ్గర ఆగి, పాసు చూపించి హైదరాబాదులోకి వెళ్తుందని పెద్దలు అనుకున్నారేమో! ఆ భాగ్యం 2014 జనవరి దాకా నడిచింది. ఆ నెలతో 800 తయారీయే ఆగిపోయింది.

దేశమంతటికీ బీఎస్ 4 వచ్చింది 2017 ఏప్రిల్ 1న. దానికి మూడు రోజుల ముందు, సరిగ్గా హేవిళంబి ఉగాది రోజున, సుప్రీంకోర్టు తీర్పు: పాత బీఎస్ 3 బండ్లు ఆ తేదీ తర్వాత అమ్మడానికి వీల్లేదు. కంపెనీల దగ్గర అప్పటికి ఎనిమిది లక్షల పైచిలుకు బండ్లు పోగుపడి ఉన్నాయి, వాటిలో ఎక్కువ ద్విచక్ర వాహనాలే. ఇక చూడండి, ఆ రెండు రోజులు షోరూముల ముందు తిరనాళ్లే! ఉగాది పచ్చడి మూతి తుడుచుకోకుండా పరిగెత్తినవాళ్లున్నారు. వేలకు వేలు తగ్గింపు. పొగ ఎక్కువ వదిలే బండి చవకగా వస్తుందంటే మనకు పండగ కాక మరేంటి? నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. ఆ బండ్లు ఇంకా తిరుగుతున్నాయి, నడిపేవాళ్లు ఇంకా ఆ తగ్గింపు సంగతి చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇంకాస్త వెనక్కి వెళ్దామా? 1995 ఏప్రిల్ 1. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అన్నారు. మన వాళ్లు దాన్ని ముద్దుగా "డబ్బా" అంటారు. సైలెన్సర్ దారిలో మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుందే, అది. ఆ డబ్బాకు సీసం లేని పెట్రోలు కావాలి. అప్పట్లో ఆ పెట్రోలు ప్రతి బంకులో దొరికేది కాదు. దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్మడం మొదలైంది 2000 ఫిబ్రవరిలో. ఆ రెండు తేదీల నడుమ మద్రాసు కారు సెకండ్ హ్యాండులో కొని ఇటు తెచ్చుకున్నవాడి అవస్థ ఊహించండి. ఊళ్లో బంకులో సీసం పెట్రోలు కొట్టించాడా, ఆ సీసం వెళ్లి డబ్బా లోపల పొరలా పేరుకుంటుంది, డబ్బా చచ్చి ఊరుకుంటుంది. ఎలాగూ చచ్చేదేగా అని ముందే విప్పించి, మామూలు గొట్టం వెల్డింగు పెట్టించుకునేవాళ్లు. ఆ రోజుల్లో వాళ్లకొక సాకు ఉంది. ఇప్పుడు తీయించేవాళ్లకు ఏ సాకు ఉందో నాకు అర్థం కాదు.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముందో చూశారా? పైన రేకు కోసి చూస్తే లోపల సన్నటి గళ్లు గళ్లుగా పింగాణీ దిమ్మ ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చివర కనిపిస్తుంది. ఆ గళ్ల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పల్చగా పూసి ఉంటాయి. విషపు గాలి ఆ గళ్లలోంచి దూరి వెళ్తూ, గోడల్ని రాసుకుంటూ, బయటికి వచ్చేసరికి బొగ్గుపులుసు గాలి, నీటి ఆవిరి, నత్రజని అయిపోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. కరెంటు అక్కర్లేదు. నూనె అక్కర్లేదు. ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పని చేస్తుంది. అంత చక్కని వస్తువును "అడ్డం" అని విప్పి పారేస్తారండీ! దానికి ఒక్కటే పట్టింపు, వేడెక్కాలి. మూడు వందల డిగ్రీలు దాటితే గానీ పని మొదలుపెట్టదు. కాబట్టి కూరగాయలకు వీధి చివరిదాకా కారేసుకెళ్లే పెద్దమనుషులారా, మీ డబ్బా ఉన్నా లేనట్టే. నడిచి వెళ్లండి, ఒంటికీ మంచిది.

ఇంకో రహస్యం. "సార్, ఈ డబ్బా తీసేస్తే బండి గాల్లో తేలుతుంది, తీసేందుకు మీ దగ్గర డబ్బులు కూడా తీసుకోను" అని ఎవరైనా అన్నారనుకోండి, అతని ఔదార్యానికి మురిసిపోకండి. ప్లాటినం ఉన్నదని చెప్పాను కదా. పాత ఇనుము కొనేవాళ్లు ఆ డబ్బాను ఎంత ప్రేమగా ఎత్తుకెళ్తారో మీరు చూడలేదు, నేను చూశాను. చిన్న ఇంజినుకు డబ్బా తీసినందువల్ల వచ్చే బలం ఎంత? చప్పుడు పెరుగుతుంది. చప్పుడు పెరిగితే మనకు స్పీడు పెరిగినట్టు అనిపిస్తుంది. చెవికి వచ్చే పికప్పే గానీ చక్రానికి వచ్చేది కాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తలనొప్పి మాత్రం ఉచితం.

చట్టం మాట కూడా ఒకటి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలో ఉన్నదానికీ కంపెనీ ఇచ్చినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో దీనికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా అని చేర్చారు. ఒక్కో మార్పుకు! మన కుర్రాళ్ల బుల్లెట్లను వరసగా లెక్కపెడితే కొన్ని బండ్లు అమ్మినా ఆ జరిమానా తీరదు.

అయితే సెట్టింగుకు ఏ సెక్షనూ అడ్డం రాదు. నా అసలు ప్రేమ అక్కడే ఉంది. రండి, షెడ్డులోకి రండి. చెప్పులు జాగ్రత్త, కింద ఆయిలు ఉంది.

కార్బరేటర్ మారుతి. ఇంజిను బాగా వేడెక్కించారు. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి పక్కన పెట్టారు. మేస్త్రీ చిన్న స్క్రూ డ్రైవర్ తీసుకుని కార్బరేటర్ కింద ఒక బుల్లి స్క్రూ మీద పెట్టాడు. రేడియో ఆపమంటాడు. మనల్ని కూడా నోరు మూసుకోమంటాడు. కళ్లు మూసుకుని పావు తిప్పు లోపలికి తిప్పాడు. ఇంజిను వణికింది. గాలి ఎక్కువై పెట్రోలు చాల్లేదు. ఇప్పుడు పావు తిప్పు బయటికి. చప్పుడు సర్దుకుంది. ఇంకో పావు తిప్పు. ఇప్పుడు చప్పుడు బరువెక్కింది, గొట్టం దగ్గర పెట్రోలు వాసన. మళ్లీ అర పావు వెనక్కి. అప్పుడు వస్తుందండీ ఆ చప్పుడు! నునుపుగా, ఒకే తాళంలో, మూడు సిలిండర్లూ ఒక మాట మీద ఉన్నట్టు. మేస్త్రీ ఏమీ అనడు. స్క్రూ డ్రైవర్ జేబులో పెట్టుకుంటాడు. అంతే, అయిపోయింది. దీనికి టిక్కెట్టు పెట్టినా నేను కొనుక్కుని చూస్తాను.

లెక్క చెప్పమంటారా? పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి. కొత్త కార్లలో పొగగొట్టంలో ఒక సెన్సరు కూర్చుని, మిగిలిన ఆక్సిజన్ చూసి, కంప్యూటరుకు చెప్తూ ఉంటుంది. అది క్షణక్షణం పెట్రోలు సర్దుతుంది. డబ్బా సరిగా పనిచేయాలంటే ఆ 14.7 చుట్టూనే ఉండాలి మరి. కార్బరేటర్‌కు ఈ హంగులేవీ లేవు. కార్బరేటర్ అంటే అమ్మ చేత్తో వేసే ఉప్పు, కొత్త కార్ల ఇంజెక్షన్ అంటే స్పూనుతో కొలిచి వేసేది. స్పూను ఎప్పుడూ తప్పదు. కానీ అమ్మ చెయ్యి కుదిరిన రోజు తిన్నవాడికి స్పూను గొప్ప ఏం చెప్తాం?

ఇప్పుడు దుమ్ము సంగతి. ఇందాక ఆగమన్నాను కదా. మా ఊరి దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో నిండితే ఇంజినుకు గాలి అందదు. కార్బరేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు మాత్రం ధారాళంగా వదులుతుంది. నల్ల పొగ, తగ్గిన మైలేజీ, మసి పట్టిన ప్లగ్గులు. మనమేమో "ఇంజిను చేయించాలా మేస్త్రీ?" అని బెంగ పడతాం. ఇంజిను కాదు, ఫిల్టర్ దులిపించండి చాలు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు మన ఊరికి చెల్లవు. ఆ పుస్తకం రాసినవాడు సిమెంటు లారీ వెనక నడపలేదు.

ఎండ కూడా ఇంతే. మే నెలలో గాలి పల్చబడుతుంది. చలికాలంలో కుదిరిన సెట్టింగు వేసవిలో చిక్కనైపోతుంది. పాత అంబాసిడర్లలో ఇంకో తమాషా. ఎండకు పెట్రోలు పంపులోనే ఆవిరై బండి నడిరోడ్డు మీద మొండికేసేది. డ్రైవరు దిగి, తడిగుడ్డ పంపు మీద వేసి, చెట్టు కింద బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేసరికి బండి స్టార్ట్. పెట్రోలు బండి పక్కన బీడీ ఏంటని మీరడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న ఒక్క మాట చెప్పేస్తాను, తర్వాత మళ్లీ సొల్లు చెప్పుకుందాం. నల్ల పొగ అంటే కాలని డబ్బు. బంకులో లెక్కపెట్టి కొన్న పెట్రోలు పని చేయకుండా గొట్టంలోంచి పారిపోవడం. పొగ తగ్గించడం వేరు, పికప్ పెంచడం వేరు అని జనం అనుకుంటారు. సెట్టింగు దాకా చూస్తే రెండూ ఒకటే పని. లోపలికి వెళ్లింది లోపలే కాలిపోవాలి. బలం అక్కడే వస్తుంది, మైలేజీ అక్కడే వస్తుంది, పొగ అక్కడే పోతుంది. కాలి మిగిలిన విషాన్ని డబ్బా చూసుకుంటుంది. అడిగేవాడు లేని ఊళ్లో ఇంజినును బాగు చేసుకోవడంలో ఉన్న సుఖం ఇదే. సర్టిఫికెట్ కోసం కాదు, బండి చప్పుడు కోసం చేస్తున్నామన్న సుఖం.

సోయిచిరో హోండా కథ విన్నారా? 1970లో అమెరికా కొత్త చట్టం తెచ్చింది, కార్ల పొగ బాగా తగ్గాలని. అక్కడి పెద్ద కంపెనీలన్నీ కుదరదని గోల పెట్టాయి. హోండా వాళ్లు సిలిండర్ హెడ్డులో ప్రధాన గది పక్కన ఇంకో బుల్లి గది పెట్టారు. దాంట్లో చిక్కని మిశ్రమానికి ముందు నిప్పంటిస్తే, ఆ మంట వెళ్లి పెద్ద గదిలో పల్చని మిశ్రమాన్ని పూర్తిగా కాలుస్తుంది. సీవీసీసీ అని పేరు. డబ్బా లేకుండానే పరీక్ష పాసైంది. జనరల్ మోటార్స్ పెద్దాయన మాత్రం ఇది చిన్న ఇంజిన్లకే పనికొచ్చే బొమ్మ అన్నట్టు చప్పరించేశాడట. హోండా ఊరుకున్నాడా? వాళ్ల కంపెనీదే 1973 షెవర్లే ఇంపాలా, ఎనిమిది సిలిండర్ల బండి, ఒకటి కొని, విమానంలో జపాన్ తెప్పించి, తన హెడ్లు బిగించి, అమెరికాకే తీసుకెళ్లి ప్రభుత్వ టెస్టు పాస్ చేయించాడు! ఎదుటివాడి బండికే మన హెడ్డు బిగించి చూపించడం! షెడ్డు మనుషులకు ఇంతకన్నా తీపి ఏముంటుంది?

దానికి సరిగ్గా తలకిందుల కథ 2015లో బయటపడింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల కంప్యూటరులో ఒక టక్కరి ప్రోగ్రాం పెట్టింది. బండి ఇప్పుడు టెస్టులో ఉందని పసిగడితే బుద్ధిమంతుడి వేషం, రోడ్డెక్కితే అసలు రూపం. అమెరికా వాళ్లు పట్టుకున్నారు. టెస్టు లేని చోట మన మేస్త్రీ ఇంజినును బాగు చేస్తున్నాడు, టెస్టు ఉన్న చోట ఇంజనీర్లు టెస్టునే బాగు చేశారు. చదువు ఎక్కువైతే ఇంతే!

మనవాళ్లు కూడా తక్కువేం కాదు. కోయంబత్తూరు నాయుళ్లు, ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లు, ఇంజిన్లంటే చెవి కోసుకుంటారు. జి.డి. నాయుడు కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక దొర మోటారు సైకిల్ చూసి మతిపోయి, హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి, అదే బండిని కొన్నాడని చెప్తారు. కొని షికారుకు వెళ్లాడా? లేదు. నట్టు నట్టూ విప్పి కింద పరిచి, మళ్లీ బిగించాడు. ఆయన తర్వాత బస్సుల కంపెనీ పెట్టాడు. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశాడు. విప్పడం చేతకానివాడికి బిగించడం ఎక్కడ వస్తుందండీ?

అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబంలో కరివర్ధన్ అని ఒక మహానుభావుడు. ఆయన ఏం చేశాడో తెలుసా? మన మారుతి 800 ఇంజినునే ఒంటి సీటు రేసు కారులో పెట్టాడు. ఫార్ములా మారుతి! కూరగాయల సంచి మోసిన ఇంజిను రేసు ట్రాకు మీద! అక్కడ పొగ పరీక్ష లేదు, ఆర్సీ లేదు, 52వ సెక్షన్ లేదు. విప్పడానికీ మార్చడానికీ అంతకన్నా తగిన చోటు ఇంకెక్కడుంది? ఆ బండ్లతో ఓనమాలు దిద్దినవాళ్లలో నరేన్ కార్తికేయన్ ఒకడు. 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లిన తొలి భారతీయుడు. పాపం కరివర్ధన్ 1995లోనే విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

హైదరాబాద్ వాళ్లు మాకేం లేదా అని అలగకండి. బహదూర్‌పురాలో, జూ పార్కు దగ్గర, సుధాకర్ యాదవ్ గారి సుధా కార్ల మ్యూజియం ఉంది. వంకాయ కారు చూశారా? బూటు కారు? క్రికెట్ బ్యాటు కారు? అవన్నీ నడుస్తాయి! చిన్నచిన్న ఇంజిన్లు లోపల దాచి పెట్టి, వాటి చుట్టూ ఈ వేషాలన్నీ కట్టారు. పిల్లల్ని తీసుకెళ్తున్నాం అనే నెపంతో వెళ్లండి. ఎవరు ఎక్కువ సేపు చూస్తారో మనకు తెలుసు. వంకాయకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఎవరడుగుతారు చెప్పండి? గుత్తి వంకాయో కాదో అడుగుతారు గానీ.

ఇక నా ఫిర్యాదుల పెట్టె. బుల్లెట్ బాబులూ, మీతోనే! సైలెన్సర్ లోపలి పలకలు కోయించి, పొద్దున్నే గుడి ముందు నుంచి టపటపమని వెళ్లేది ఏ ఆనందం కోసం? అలాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద వేసి తొక్కించిన వీడియోలు చూసి నేను మనసారా నవ్వుకున్నాను. ఇంజినుకు ఏమీ చేయకుండా దాని నోరు మాత్రమే పెద్దది చేయడం సెట్టింగు కాదు. లారీ సోదరులూ, మీరు కూడా. పంపు పెంచితే లోడు మీద లాగుతుంది, ఒప్పుకుంటాను. డీజిల్ ఎక్కువ పోస్తే ఎవరైనా లాగుతారు. గాలి సరిపోక నల్లగా ఊదుతుంటే మీ వెనక మోటారు సైకిల్ మీద వచ్చేవాడు మా ఊరు చేరేసరికి అద్దంలో తనను తాను గుర్తుపట్టలేడు. నాజిళ్లు దింపి కాలిబ్రేషన్ చేయించండి. కోదాడలో కుదరకపోతే విజయవాడ ఆటోనగర్ ఎక్కడికీ పోలేదు.

కొత్త బండ్ల వాళ్లు "మాకేం, అంతా కంప్యూటరే, స్క్రూ డ్రైవర్‌కు పని లేదు" అని మురుస్తున్నారు కదా. మీ స్టీరింగు కింద ఒక ప్లగ్గు ఉంటుంది, చూసుకోండి. చిన్న స్కానరు తగిలిస్తే సెన్సర్లు చెప్పే మాటలన్నీ ఫోనులో కనిపిస్తాయి. ఇంజిను ఎంత వేడెక్కింది, గాలి ఎంత వస్తోంది, పెట్రోలు ఎంత పెంచుతోంది ఎంత తగ్గిస్తోంది, అన్నీ! ఒక సాయంత్రం దానికి ఇచ్చి చూడండి. అన్నం చల్లారిపోయిందని ఇంట్లో వాళ్లు తిడితే నా పేరు చెప్పకండి.

చాలా సేపు ఆపాను మిమ్మల్ని. పనుంది అంటారు, వెళ్తాం అంటారు, సరే. ఒక్క పని చేసి పెట్టండి. మీది పాత పెట్రోలు బండి అయితే పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు పానా తీసుకుని ప్లగ్గులు ఒకటొకటిగా విప్పి చూడండి. మూతి దగ్గర పింగాణీ పాలిపోయి తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఇంజిను ఎండుతోంది. నల్లగా మసి పట్టి ఉంటే గాలి చాలడం లేదు, ముందు ఫిల్టర్ దులపండి. తడిగా జిడ్డుగా ఉంటే మేస్త్రీ దగ్గరికి వెళ్లండి, డబ్బులు కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి. లేత బిస్కెట్ రంగులో ముద్దుగా ఉన్నాయా? ఊరంతా చెప్పుకోండి, మిఠాయి పంచండి, నాకు మాత్రం చెప్పకండి. కుళ్లుకుంటాను.